రిమార్కుల గడి

కలప మిల్లులో ఆమెను అందరూ అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒకటే. కోసి ఆరబెట్టిన పలకలు బల్ల మీదికి రాగానే ఒక్కొక్కటీ తిప్పి చూడాలి, ముడులూ పగుళ్ళూ వంకరలూ పట్టుకోవాలి, మొదటి రకమో రెండో రకమో మూడో రకమో సుద్దముక్కతో గీత పెట్టాలి. ఆమె గీత పడ్డాక ఆ పలక గురించి ఇంకెవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

ఇది కాక ఆమెకు ఇంకో ఉద్యోగం ఉండేది. దానికి జీతమూ లేదు, సెలవూ లేదు. మొగుడి మాటలు తమ్ముడికీ, తమ్ముడి మాటలు మొగుడికీ మొయ్యడం.

మొగుడు పెద్ద రంపం మీద మేస్త్రీ. దుంగల్ని పలకలుగా కోసేది ఆయనే. తమ్ముడు వేడి గదికి ఇన్‌ఛార్జి. కోసిన పచ్చి పలకల్ని ఆ గదిలో దొంతర్లుగా పేర్చి, చెమ్మ తగ్గేదాకా పన్నెండు రోజులు పసిబిడ్డల్లా కనిపెట్టుకుని ఉండేది అతనే. రంపం షెడ్డుకీ వేడి గదికీ మధ్య నలభై అడుగులుంటుంది. ఇంటి దగ్గర అంత కూడా లేదు. కింది వాటాలో అక్కా బావా, మేడ మీద తమ్ముడూ మరదలూ. అయినా బావా బావమరుదులు మాట్లాడుకుని నాలుగేళ్ళు దాటింది.

గొడవ చూస్తే గోరంత. ఆరాక పలక మందం ఇరవై ఐదు మిల్లీమీటర్లు ఉండాలంటే పచ్చిగా ఉన్నప్పుడు ఇరవై ఏడు కొయ్యాలి. నాలుగేళ్ళ కిందట ఒకరోజు తమ్ముడు, పలకని రెండు దవడల మధ్య పట్టి మందం చూసే తన వెర్నియర్ పెట్టి కొలిచి, "ఇవి ఇరవై ఆరున్నర కూడా లేవు, నా గదిలోకి రానివ్వను" అని ఒక దొంతర మొత్తం వెనక్కి పంపాడు. మేస్త్రీ తన వెర్నియర్ తెచ్చి కొలిచి, "సరిగ్గా ఇరవై ఏడు. కొలవడం రాకపోతే నేర్చుకో" అన్నాడు. "కొయ్యడం రానివాళ్ళు నాకు నేర్పక్కర్లేదు" అన్నాడు తమ్ముడు. చుట్టూ పాతికమంది ఉన్నారు, ఓనరు కూడా ఉన్నాడు. తక్కువ పలకలు గదిలో పెడితే మొత్తం సరుకు తిరిగొస్తుందని ఓనరు భయపడి దొంతరని పక్కన పెట్టించాడు. ఆ పలకలతోనే తరవాత భోజనాల షెడ్డులో బెంచీలు చేయించారు. అంటే మేస్త్రీ రోజూ మధ్యాహ్నం తన అవమానం మీదే కూర్చుని అన్నం తినేవాడన్నమాట. తరవాత వచ్చిన దొంతర్లూ తక్కువేనని తమ్ముడు అంటూనే ఉన్నాడు గానీ, కొన్నవాళ్ళెవరూ సరుకు తిప్పి పంపకపోవడంతో ఓనరు వాటిని ఆపనివ్వలేదు.

అప్పట్నించీ ఇద్దరూ ఒకే షెడ్డులో, చెరో చివర కూర్చుని, మధ్యలో ఉన్న ఆమెతో మాట్లాడేవాళ్ళు.

"రేపు పొద్దున్నే దుంగల లారీ వస్తుందట. దొంతర్లు అడ్డం లేకుండా చూసుకోమని మీ తమ్ముడికి చెప్పు."

"నాకు చెవులున్నాయని మీ ఆయనకి చెప్పక్కా."

ఆమె అన్నం కలుపుకుంటూ, "విన్నారుగా ఇద్దరూ" అనేది. అయినా ఇద్దరిలో ఎవరో ఒకరు, "నువ్వు చెప్పలేదుగా" అనేవాళ్ళు. అప్పుడు ఆమె చెప్పేది. చెప్తేగానీ ముద్ద దిగేది కాదు.

ఇలా రోజులు గడుస్తుండగా తలుపులూ కిటికీలూ చేసే పెద్ద కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మిల్లు సరుకులో సగం కొనేది వాళ్ళే. వచ్చే ఏడాది నుంచి నాణ్యత సర్టిఫికెట్టున్న మిల్లుల దగ్గరే కొంటామని అందులో రాశారు. ఓనరు ఆ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు మిల్లంతా తిరిగాడు. శిక్షణకి ఎవరు వెళ్తారని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో దిక్కు చూశారు. చివరికి వచ్చి ఆమె బల్ల ముందు ఆగాడు.

"నీ చేతిరాత బాగుంటుంది కదమ్మా" అన్నాడు.

"సుద్దముక్కతో గీతలు గీసేదాన్ని. చేతిరాత ఎక్కడ చూశారండీ?"

"గీతలే బాగుంటాయి."

అలా ఆమె మూడు రోజుల శిక్షణకి వెళ్ళింది. మొదటిరోజు ఏమీ అర్థం కాక తల పట్టుకుంది. రెండోరోజు కొంత అర్థమైంది. మూడోరోజు సాయంత్రానికి ఒక నోటు పుస్తకం నిండా రాసుకుని, ఇన్నాళ్ళూ ఇది తెలియకుండా ఎలా బతికానా అన్నంత ఉత్సాహంతో తిరిగొచ్చింది. చేసేది రాయాలి, రాసిందే చెయ్యాలి. గంటకి అయిదు పలకలు కొలిచి, ఆ కొలతలు గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టాలి. మధ్యలో ఒక గీత, పైన ఒకటి, కింద ఒకటి. చుక్కలు ఆ గీతల మధ్య ఆడుకుంటున్నంతసేపు పని అదుపులో ఉన్నట్టు. గీత దాటితే ఆపి, ఎందుకు దాటిందో చూడాలి. కొలత తప్పితే మనిషిని తిట్టడం కాదు, కారణాన్ని వెతకాలి. ఈ చివరి మాట ఆమె నోటు పుస్తకంలో రెండుసార్లు రాసుకుంది.

మొట్టమొదట ఆమె తయారుచేసింది అప్పగింత ఫారం. రంపం దగ్గర్నించి ఏ దొంతర వేడి గదికి వెళ్ళినా ఆ కాగితం దానితో వెళ్ళాలి. పై సగంలో మేస్త్రీ తన కొలతలు రాసి సంతకం పెట్టాలి. కింది సగంలో వేడి గది ఇన్‌ఛార్జి అవే పలకలు మళ్ళీ కొలిచి రాసి సంతకం పెట్టాలి. చివర ఒక గడి మిగిలితే, ఖాళీగా ఉండటం ఎందుకని 'రిమార్కులు' అని రాసింది. ఆ ఒక్క మాట ఎంత పనిచేస్తుందో అప్పుడు ఆమెకు తెలియదు.

మొదటిరోజు ఫారం తిరిగొచ్చింది. రిమార్కుల గడిలో తమ్ముడి దస్తూరీ: "అర మిల్లీమీటరు పైగా తక్కువ. ఎప్పటిలాగే."

మర్నాడు ఫారం మీద మేస్త్రీ తన సంతకం పక్కన ఇరికించి రాశాడు: "అందుకునేవారు కళ్ళు పరీక్ష చేయించుకోగలరు."

మూడోరోజు గడిలో తమ్ముడు: "కళ్ళు బాగానే ఉన్నాయి. మేడ మీది నుంచి కింద ఎవరు కుళాయి కట్టకుండా వెళ్ళారో కూడా కనిపిస్తోంది."

నాలుగోరోజు మేస్త్రీ: "ఆ కుళాయి వాషరు పోయిందని తెలియనివారు మేడ దిగి చూడవచ్చును."

ఆమె ఆ నాలుగు కాగితాలూ పట్టుకుని ఆఫీసు గదిలో కూలబడింది. చింపేద్దామంటే కుదరదు. రికార్డు ఏదైనా చింపకూడదు, దిద్దకూడదు, దాచాలి అని శిక్షణలో పదేపదే చెప్పారు. ఓనరు వచ్చి ఒక్కొక్కటీ చదివాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

"సర్టిఫికెట్టివ్వడానికి వచ్చే ఆడిటరు ఇవి చూస్తే ఏమనుకుంటారండీ?" అంది ఆమె.

"ఏమనుకుంటారో గానీ, మనవాళ్ళు ఫారాలు నింపరని భయపడ్డాను. వీళ్ళిద్దరూ ఒక్కటి వదలకుండా నింపుతున్నారు చూడు."

అది నిజమే. ఇంకో సంగతి కూడా ఆమె మెల్లిగా గమనించింది. వారం రోజులుగా భోజనాల షెడ్డులో ఎవరూ ఆమెతో కబురు పంపలేదు. ఉన్నదంతా కాగితం మీద కక్కేస్తున్నారు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె వేడి అన్నం వేడిగా తింది.

మూడు వారాలు తిరిగేసరికి ఆమె దగ్గర కాగితాలు దండిగా పోగయ్యాయి. ఒకరోజు పొద్దున్నే గళ్ళ కాగితం పరిచి మేస్త్రీ కొలతల్ని నీలం సిరాతో, తమ్ముడి కొలతల్ని ఎర్ర సిరాతో చుక్కలు పెట్టడం మొదలెట్టింది. పెడుతూ పెడుతూ ఆగిపోయింది. నీలం చుక్కలు ఇరవై ఏడు దగ్గర బుద్ధిగా బారులు తీరాయి. ఎర్ర చుక్కలు ఇరవై ఆరు పాయింటు నాలుగు దగ్గర అంతే బుద్ధిగా బారులు తీరాయి. నీలం చుక్క కాస్త పైకి వెళ్తే ఎరుపూ అంతే పైకి వెళ్ళింది. అది దిగితే ఇదీ దిగింది. రెండు వరసల మధ్యా ఎడం ఎక్కడా మారలేదు.

కోత చెడితే చుక్కలు చెదురుతాయి. కొలిచేవాడు అజాగ్రత్తగా ఉన్నా చెదురుతాయి. ఇక్కడ ఇద్దరూ శ్రద్ధగా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నారు. మనుషులిద్దరూ సరైనవాళ్ళే అయితే తేడా ఇంకెక్కడ ఉంది? వెర్నియర్లో.

కొలత సాధనాలు సరిచూడటానికి లాబొరేటరీ నుంచి తెప్పించిన ఉక్కు దిమ్మ ఆమె సొరుగులోనే ఉంది. నున్నగా మెరిసే చిన్న దిమ్మ, సరిగ్గా ఇరవై అయిదు మిల్లీమీటర్లు. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టుకుని ముందు రంపం షెడ్డుకి వెళ్ళింది. మొగుడు తన వెర్నియర్ ఇచ్చాడు. దిమ్మకి పట్టించి చూస్తే ఇరవై అయిదు. వెంట్రుకంత తేడా లేదు.

"ఇప్పుడు అనుమానం నా మీదా?" అన్నాడాయన.

"అందరి మీదా అండీ. నా టేపు కూడా చూశాను. దాన్ని పారేశాను."

ఆ తరవాత వేడి గదికి వెళ్ళింది. తమ్ముడు తలుపు పక్కన వేడీ చెమ్మా చూపే గేజీలు చూసి రాసుకుంటున్నాడు.

"నీ వెర్నియర్ ఒకసారి ఇవ్వరా."

"ఎందుకక్కా? నేను కొలిచి చెప్తాగా, ఏం కొలవాలి?"

"వెర్నియర్నే కొలవాలి."

అతను చెయ్యి చొక్కా జేబు మీద పెట్టుకున్నాడు. ఆ కదలిక ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పగిలిన పలకని చొక్కా కింద దాచుకుని బడి నుంచి వచ్చినప్పుడూ ఇలాగే నిలబడ్డాడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు. ఇప్పుడు నలభై రెండు.

"ఒరేయ్" అంది మెల్లిగా.

అతను తీసి ఇచ్చాడు. ఆమె దిమ్మ జోలికి కూడా పోలేదు. వెర్నియర్ దవడలు రెండూ పూర్తిగా మూసింది. సున్నా దగ్గర ఆగాల్సిన గీత సున్నా దాటి వెనక్కి పోయింది. ఒక దవడ లోపలివైపు ఆకురాయి గీతలు సన్నగా కనిపించాయి.

"కింద పడింది" అన్నాడు తమ్ముడు, గేజీకేసి చూస్తూ. "సిమెంటు మెట్టు మీద. దవడ అంచు వంగింది. ఆకురాయితో రుద్ది సాపు చేశాను. బాగానే కనిపించింది."

"ఎప్పుడు?"

"ఆ దొంతర వెనక్కి పంపడానికి నాలుగు రోజుల ముందు."

ఆమె దవడలు తెరిచి మళ్ళీ మూసి చూసింది.

"అప్పుడు నిజంగానే తెలీదక్కా. ఒట్టు. తరవాత ఎప్పుడో అనుమానం వచ్చింది. బావ పంపిన దొంతరలన్నీ ఒకేలా తక్కువ రావడం ఏంటని. కానీ అప్పటికి మాట్లాడుకోక రెండేళ్ళయింది. వెళ్ళి ఏమని చెప్పను? అందుకని దవడలు పూర్తిగా మూసేవాణ్ణి కాదు. మూస్తే తెలిసిపోతుందిగా."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఆ నాలుగేళ్ళలో తాను మోసిన కబుర్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అక్కడే ఉన్న చెక్క దుంగ మీద కూర్చుంది.

"కొత్తది తెప్పించెయ్యక్కా. పాతది అరిగిపోయిందని రాసెయ్. బావకి ఎందుకు చెప్పడం?" తరవాత తనే సర్దుకున్నాడు. "పోనీ నువ్వే చెప్పు. నువ్వు చెప్తే ఏమనడు."

"నేను చెప్పను."

"అక్కా."

"నాలుగేళ్ళు మోశాను. కుళాయి గురించి మోశాను, లారీ గురించి మోశాను, మీరిద్దరూ తిట్టుకున్నవి సగం మింగి సగం మోశాను. ఇది మాత్రం నీ చేత్తో నువ్వే రాయి. ఇలాంటివి రాయడానికే ఒక ఫారం ఉంది." నోటు పుస్తకంలోంచి మడత కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. తేడా రిపోర్టు. అందులో అయిదు గళ్ళు: ఏం తేడా, ఎందుకు వచ్చింది, ఏం చెయ్యాలి, ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా. "మొదటి రెండూ నువ్వు నింపు. మిగతావి తేడా వల్ల నష్టపోయిన విభాగం వాళ్ళు నింపాలని రూలు. అంటే రంపం విభాగం."

"ఆ రూలు నువ్వే పెట్టావా?"

"నేనే పెట్టాను. ఓనరు సంతకం కూడా ఉంది."

అతను ఆ పూటంతా పెన్ను నములుతూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్న ఆమె షెడ్డుకి వచ్చేసరికి తేడా రిపోర్టు రంపం బల్ల మీద, పొట్టు ఎగిరి పడకుండా బరువు పెట్టి ఉంది. రాసింది నాలుగే ముక్కలు. "ఏం తేడా: వేడి గది వెర్నియర్ పాయింటు ఆరు తక్కువ చూపిస్తోంది. నాలుగేళ్ళుగా. ఎందుకు వచ్చింది: నేను కింద పడేశాను. ఆకురాయితో రుద్దాను. తరవాత అనుమానం వచ్చినా చూడలేదు. ఆ రోజు వెనక్కి పంపిన దొంతర సరైనదే. బావ కోత సరైనదే."

మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ మొదటినించీ చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రంపం ఆన్ చేసి పనిలో పడ్డాడు. ఆమె తన బల్ల దగ్గర్నుంచి ఆయన వీపుకేసి చూస్తూ, మొదటి రకం పలక మీద మూడో రకం గీత పెట్టేసి నాలిక్కరుచుకుంది.

భోజనం గంట కొట్టగానే అందరికంటే ముందు ఆయనే షెడ్డుకి వెళ్ళాడు. ఆమె వెళ్ళేసరికి ఆయన కూర్చోలేదు. బెంచీ ముందు మోకాళ్ళ మీద వంగి, వెర్నియర్ పట్టుకుని, బెంచీ పలకని కొలుస్తున్నాడు. ఈ చివరా, మధ్యలో, ఆ చివరా. ఒక బెంచీ అయ్యాక రెండోది. నాలుగేళ్ళుగా గాలికే ఆరిపోయిన పలకలు అవి. కూలీలు టిఫిను డబ్బాలు పట్టుకుని నిలబడే ఉన్నారు. ఎవరికీ కూర్చోవడానికి ధైర్యం చాల్లేదు.

"ఇరవై అయిదు పాయింటు ఒకటి" అన్నాడు చివరికి, ఎవరితోనో తెలియకుండా. "ఇరవై అయిదు. ఇది పాయింటు రెండు." లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. మొహం విప్పారింది. పళ్ళెంలో ఏం పెట్టారో కూడా చూడకుండా తినేశాడు. ఆ మధ్యాహ్నం బెంచీ మీద ఆయన కూర్చున్న తీరు చూస్తే పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టుంది.

తమ్ముడు ఆ పూట భోజనానికి రాలేదు. గదిలో గేజీలు చూడాలన్నాడట.

మూడింటికి మేస్త్రీ రంపం ఆపాడు. నలభై అడుగుల దూరం నడిచి వేడి గది ముందుకి వెళ్ళాడు. ఆ గడప తొక్కి నాలుగేళ్ళయింది. ఆమె చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని చూస్తోంది. ఓనరు ఆఫీసు కిటికీలోంచి తల బయట పెట్టాడు. మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి బావమరిదికి ఇచ్చాడు, వెనక్కి తిరిగాడు, వచ్చేశాడు. అంతే.

తమ్ముడు ఆ కాగితం చదివి తలుపు చెక్కకి ఆనుకుని నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతూనే చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. ఆమె పరుగులాంటి నడకతో వెళ్ళి లాక్కుని చదివింది.

"ఏం చెయ్యాలి: కొత్త వెర్నియర్ తెప్పించాలి. పాతది తేడా చేసినవారే ఉంచుకోవాలి, రోజూ ఒకసారి దవడలు మూసి చూసుకోవాలి. ఈ సాయంత్రం మేడ దిగి వచ్చి మా ఇంట్లో టీ తాగాలి. ఎవరు చెయ్యాలి: బావమరిది. ఎప్పటిలోగా: ఆరు గంటలలోగా. ఆలస్యమైతే టీ చల్లారును."

అయిదూ నలభైకే దిగి వచ్చాడు. అల్లరి పిల్లాడిలా గుమ్మంలో నిలబడి, "బావా" అన్నాడు.

"కూర్చో. నీ కళ్ళు బాగానే ఉన్నాయిలే. రిమార్కు వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు మేస్త్రీ.

"రికార్డు దిద్దకూడదండీ" అంది ఆమె, వంటగదిలోంచి.

నెలన్నర తరవాత ఆడిటరు వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. మిల్లంతా తిరిగి దుంగలు దిగే చోటునించీ లారీ ఎక్కే చోటుదాకా చూసింది. గళ్ళ కాగితాలు చూసి తల ఊపింది. ఆ తరవాత అప్పగింత ఫారాల కట్ట అడిగింది. ఆఫీసు గదిలో ఆడిటరు ఒక్కొక్క ఫారమూ తిప్పుతుంటే అక్క కిటికీ అవతల ఉన్న పొట్టు కుప్పకేసి చూస్తూ నిలబడింది. కాసేపటికి గదిలో చిన్న చప్పుడు వినిపించింది. ఆడిటరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈ వాషరు సంగతి ఏమైంది?" అని అడిగింది.

"మార్చారండీ. ఇద్దరూ కలిసి."

"దానికి రికార్డు లేదుగా."

"అది ఇంటి కుళాయండీ."

ఆడిటరు కట్ట చివరికి వచ్చి తేడా రిపోర్టు తీసింది. దాన్ని మాత్రం నవ్వకుండా, నింపాదిగా చదివింది. తరవాత కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. సాధనం చెడిందని అందరూ రాస్తారు. నేను చెడగొట్టాను, అనుమానం వచ్చినా చూడలేదు అని రాసినవాళ్ళని ఇదే చూడటం. వాళ్ళచేత ఎలా రాయించారు?"

"మా తమ్ముడండీ" అంది అక్క.

మంటలార్పే సిలిండరు ముందు పలకలు అడ్డం పెట్టారని ఒక తప్పు రాసింది ఆడిటరు. అది అరగంటలో సర్దారు. మూడు వారాలకి సర్టిఫికెట్టు వచ్చింది. ఓనరు దాన్ని అద్దం కట్టించి ఆఫీసు గోడకి తగిలించాడు. వంకరగా తగిలించాడని ఆమె సరిచేసింది.

ఇప్పుడు భోజనాల షెడ్డులో బావా బావమరుదులు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒకళ్ళ డబ్బాలో కూర ఇంకొకళ్ళు తీసుకుంటారు. గలగలా మాట్లాడుకుంటారు. మాట్లాడుకునేది ఎక్కువగా ఆమె గురించే.

"గంటకి అయిదు పలకలు కొలవాలట. మూడు చాలదా బావా?"

"మూడేం ఖర్మ, రెండు చాలు. మీ అక్కకి కాగితం పిచ్చి పట్టింది."

"మీ ఆవిడకి నువ్వే చెప్పు."

"మీ అక్కకి నువ్వే చెప్పరా."

ఆమె రెండు బెంచీల అవతల కూర్చుని ముద్ద కలుపుకుంటూ, "విన్నాను" అంది. "అభ్యంతరాలకి వేరే ఫారం ఉంది. మూడు కాపీలు నింపాలి."